లియోనెల్ బల్ల మీద ఏమీ లేదు

పోయిన వారం కథలో దమారిస్‌ని వాళ్ళింటి గుమ్మం ముందు వదిలేసి వచ్చాం. ఆఫీసు తాళంచెవిని ఇంటి తాళంలో దూర్చి, అది ఎందుకు తిరగట్లేదో అర్థంకాక నిలబడిపోయిన పిల్లని పక్కింటావిడ చూసి లోపలికి తీసుకెళ్ళింది. మర్నాడు అందరికంటే ముందు ఆఫీసులో ఉంది. "ఒంట్లో బాగాలేదటగా తల్లీ" అంటే, "ఎవరు చెప్పారు?" అని నన్నే ఎదురడిగింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. దమారిస్ ఒకాంపో మా ఆఫీసులో ఇంజనీరు, ముప్ఫై కూడా నిండలేదు. మా ఊరు మనిజాలెస్ కొండల మీద మేం కట్టించే ప్రతిదానికీ లెక్క ఆమెదే. నా పేరు గ్రాసియెలా, ఆమె లెక్కల్ని బట్టి ప్లాన్లు గీసేదాన్ని. గీతలు తప్ప లెక్కలు నాకు రావు. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆ పిల్లకి ఏమైందో మాలో ఒక్కరికీ తెలియదు. ప్రేమ వ్యవహారమని మా క్యాషియర్ నూబియా, థైరాయిడ్ అని నేను, అసలేమీ కాలేదని మా యజమాని దోన్ ఒక్తావియో. (మర్యాదకి మగవాళ్ళని దోన్ అని, ఆడవాళ్ళని దోన్య అని పిలుస్తాం.) ఏమైనా అయిందని ఒప్పుకుంటే ఆయనకి కుదరదు మరి. ఇద్దరు ఇంజనీర్లు మానేసి వెళ్ళిపోతే వాళ్ళ పని కూడా ఈమె నెత్తినే పెట్టాడు. ఆమె కాదనలేదు. ఎందుకంటుంది? సొంతంగా పైకి రావాలన్న పట్టుదల ఉన్న పిల్ల, అందులోనూ ఆయన తనని ఆఫీసులో భాగస్వామిని చేస్తానని మాటిచ్చాడు.

ఇప్పుడు అందరి కళ్ళూ బడి మీద ఉన్నాయి. ఊరి చివర కొండవాలులో కడుతున్న బడి అది. సోమవారం దాని భోజనశాలకి పైకప్పు స్లాబు పోయాలి. ఆఖరు నిమిషంలో బడివాళ్ళు ఆ కప్పు మీద నీళ్ళ ట్యాంకు కూడా కావాలన్నారు. దమారిస్ లెక్కంతా మళ్ళీ చేసి, మంగళవారం సంతకం పెట్టి పంపేసింది. ఆ కప్పు కింద రోజూ పిల్లలు కూర్చుని అన్నం తింటారు.

ఇక ఈ శుక్రవారం సంగతి. సెప్టెంబరు కదా, స్నేహితుల పండగ. పొద్దున కేకు పెట్టె పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కుతుంటే దమారిస్ మలుపు దగ్గర గోడకి ఆనుకుని ఫోన్లో మాట్లాడుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. వాన గురించి ఏదో అంటోంది. అవతల వాళ్ళమ్మ అయ్యుంటుందనుకున్నాను. మా ఊరి అమ్మలు ఫోన్ చేస్తే ముందు వాన గురించే అడుగుతారు.

పండగకి మా పద్ధతి ఒకటుంది. నెల మొదట్లో నూబియా అందరి పేర్లూ చీటీల మీద రాసి సంచిలో వేస్తుంది. తలా ఒకటి తీస్తాం. ఎవరి పేరు వచ్చిందో బయటపెట్టకూడదు. పండగ దాకా ఆ మనిషి బల్ల మీద ఎవరూ చూడకుండా ఏదో ఒక తీపి పెడుతుండాలి. పండగనాడు లేచి నిలబడి, నా స్నేహితుడు ఫలానా అని చెప్పి కానుక చేతిలో పెట్టాలి. తీపి పెట్టడం మర్చిపోయినవాళ్ళని ఏడాదంతా ఏడిపించుకు తింటాం.

ఈసారి నా అదృష్టం చెప్పలేను. రోజూ రెండేసి. పొద్దున జామ బిళ్ళ, మధ్యాహ్నం కొబ్బరి లౌజు. నా మీద ఇంత ప్రేమ ఎవరికబ్బా అని మురిసిపోయాను, మురుస్తూనే తినేశాను. నా ఎదురుగా కూర్చునే లియోనెల్ బల్ల ఖాళీగా ఉండటం చూశాను గానీ, ఆయనకి షుగర్ కదా, ఎవరో తెలిసినవాళ్ళే తెలివిగా మానేశారనుకున్నాను. లియోనెల్ మా దగ్గర మట్టి పరీక్షలు చేస్తాడు. పోయినేడు భార్య పోయింది. అంతకుముందే తక్కువ మాట్లాడేవాడు, ఇప్పుడు పలకరిస్తే తప్ప నోరు తెరవడు.

భోజనాలయ్యాక ఆట మొదలైంది. నూబియా ముందు లేచింది.

"నా స్నేహితురాలు తిండిపోతు. గీతలు తిన్నగా గీస్తుంది గానీ మాటలన్నీ వంకర."

అందరూ నా వైపు తిరిగారు. సిగ్గుపడుతున్నట్టు నటించి లేచి వెళ్ళి కానుక అందుకున్నాను. మెత్తటి ఊలు శాలువా. ఎంత పెట్టి కొని ఉంటుందో అని లోపల్లోపల అంచనా వేసుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఒకరొకరే లేచారు. ఆఖరున దమారిస్ నిలబడింది. ఆమె చేతిలో ఎర్ర కాగితం చుట్టిన పెట్టె ఉంది.

"నా స్నేహితురాలు నా లెక్కల్ని ఓపిగ్గా భరిస్తుంది" అంది. "నేను తిన్నానో లేదో రోజూ అడుగుతుంది." అంటూ తిన్నగా నా దగ్గరికి వచ్చి పెట్టె నా ఒళ్ళో పెట్టింది.

నవ్వులు మొదలయ్యాయి. "గ్రాసియెలాకి లంచాలు ఎక్కువయ్యాయి" అన్నాడు దోన్ ఒక్తావియో. నేనూ నవ్వాను. అప్పుడే లియోనెల్ మీద నా చూపు పడింది. ఆయన తన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. గదిలో ఖాళీ చేతులతో ఉన్నది ఆయనొక్కడే.

"కుదరదు" అంది నూబియా. "గ్రాసియెలా నాది. దమారిస్, నువ్వు ఎవరి పేరు తీశావు?"

"గ్రాసియెలా పేరే. మీరు రెండుసార్లు రాసుంటారు."

"నా సంచిలో ఒక్కో పేరు ఒక్కసారే ఉంటుంది. నన్ను అనుమానించకు."

"మరి నాకు ఆవిడ పేరు ఎలా వస్తుంది? చీటీ నాకు బాగా గుర్తుంది. విప్పి చూసుకున్నాను, నవ్వుకున్నాను కూడా. రోజూ కొబ్బరి లౌజు పెట్టింది నేనే."

ఆమె గొంతులో రవ్వంత తడబాటు లేదు. సంతకం పెట్టేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అచ్చం అలాగే మాట్లాడింది. నూబియా నా వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసింది. ఈసారి గొంతు తగ్గించింది.

"తల్లీ, నువ్వు తీసింది లియోనెల్ పేరు. ఆ రోజే నా దగ్గరికొచ్చి చెప్పావు."

"నేనా?"

"నువ్వే. చెప్పకూడదని తెలుసు గానీ ఒక్క సంగతి అడగాలన్నావు. ఆయనకి షుగర్ కదా, తీపి బదులు ఏం పెట్టమంటారు అని అడిగావు. వేరుశనగలు పెట్టు అన్నాను. సరే, బజార్లో వేయించినవి కొంటానన్నావు. నా బల్ల అంచు మీద కూర్చుని కాళ్ళూపుతూ అన్నావు."

"నేను అనలేదు."

"ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్నావు. మోచేతి దగ్గర చిరుగు కూడా చూపించాను నీకు."

దమారిస్ తన మోచేతి వైపు చూసుకుంది. పండగనాడు కూడా అదే స్వెటర్. చిరుగు అక్కడే ఉంది. దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు.

లియోనెల్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "పర్లేదు ఇంజనీరు గారూ. ఆగస్టులో ఆ బడి మట్టి గురించి మనం మాటామాటా అనుకున్నాం కదా. ఆ కోపం ఉందేమో అనుకున్నాను. ఈ వయసులో బల్ల మీద ఏదైనా పెట్టారా అని వెతుక్కోవడం కూడా సిగ్గుచేటే. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"నాకు మీ మీద ఏ కోపమూ లేదు దోన్ లియోనెల్."

"కోపమైతేనే నయం" అన్నాడాయన. "కోపం కాకపోతే మరేంటమ్మా?"

నా ఒళ్ళో ఉన్న ఎర్ర పెట్టె ఎవరిదో, దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. లేచి తీసుకెళ్ళి లియోనెల్ ముందు పెట్టాను. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు గానీ తోసెయ్యలేదు.

దోన్ ఒక్తావియో చప్పట్లు కొట్టి గదిని మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నాడు. "తల నిండా స్లాబులున్నవాళ్ళకి జామ బిళ్ళలు, కొబ్బరి లౌజులు గుర్తుండవు. వదిలెయ్యండి. అసలు కానుక నా దగ్గరుంది." తలుపు వెనకనుంచి గుడ్డ కప్పిన పలకొకటి తెచ్చి గుడ్డ లాగాడు. ఇత్తడి పలక. దాని మీద ఆయన ఇంటిపేరు, పక్కన ఒకాంపో. "సోమవారం ఇది గుమ్మం మీద ఉంటుంది. ఇంత చిన్న వయసులో ఈ ఊళ్ళో ఎవరికీ దక్కలేదు. ఈ పిల్ల మనిషి కాదయ్యా, యంత్రం."

అందరం చప్పట్లు కొట్టాం. దమారిస్ ఆ పలకని చూసింది. తెలిసినవాళ్ళ పేరెక్కడో చదివినప్పుడు ఎవరబ్బా అని చూస్తామే, అలా చూసింది. "థాంక్స్ దోన్ ఒక్తావియో" అని, కేకు ముక్క చేతిలో పట్టుకునే గది దాటి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళాను. మేం పనిచేసే గదిలో తన కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద బడి పైకప్పు లెక్క ఉంది. కిటికీ బయట అప్పటికే పొగమంచు కిందికి దిగి ఎదుటి కొండని కప్పేసింది.

"ఆడుకునే ఆట తల్లీ" అన్నాను. "చీటీ పొరపాటు. దానికింత ముఖం వేలాడేసుకోవాలా?"

"పొరపాటైతే బాధ లేదు దోన్య గ్రాసియెలా. మర్చిపోయినా బాధ లేదు." తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "నేను మర్చిపోలేదు. నాకు ఇంకోటి గుర్తుంది. మీ పేరున్న చీటీ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మడత ఎలా ఉందో కూడా చెప్పగలను. అది లేదంటున్నారు. మరి నేను చూసిందేంటి?"

"అలసిపోయావు. ఇంటికెళ్ళి ఆదివారం దాకా నిద్రపో."

"నిద్రపోతున్నాను. పడుకునేముందు ఎలా ఉంటానో లేచాక కూడా అలాగే ఉంటాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. రక్తంలో ఏమీ లేదన్నాడు, సెలవు పెట్టమన్నాడు. సోమవారం తర్వాత పెడదామనుకున్నాను. అంతకుముందు ఇంకో సోమవారం అనుకున్నాను."

"ఎవరైనా అబ్బాయి ఉన్నాడా?" అని అడిగేశాను. నూబియాతో పందెం కాసి ఉన్నాను మరి, ఆపుకోలేకపోయాను.

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. "అబ్బాయి ఉండటానికి నేను ఉండాలిగా." తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "ఇదివరకు నేను లెక్కగట్టిన బీమ్ కింద సెంట్రింగ్ విప్పేరోజు సైట్‌కి పరిగెత్తేదాన్ని. కర్రలు తీసేశాక అది దానంతటది నిలబడి ఉంటే ఏడుపొచ్చేది నాకు. పోయిన నెల మనం కట్టిస్తున్న వంతెన దగ్గర విప్పారు. మేస్త్రి ఫోటో పంపాడు. చూశాను, పక్కన పెట్టాను, ఇంకో పనిలో పడ్డాను. ఏమీ అనిపించలేదు. బద్ధకమేమో అనుకుని ఇంకో రెండు పనులు అడిగి తీసుకున్నాను."

బద్ధకం పోవాలని ఇంకా పని అడిగిందట. ఆ మాట విన్నాక నాకు నా మీదే ఒళ్ళు మండింది. ఆమె ఉన్న గదిలోనే కూర్చుని కొబ్బరి లౌజులు నములుతూ, ఎంత చురుకైన పిల్లో అని ఊళ్ళో చెప్పుకు తిరిగాను. అలసట అంటే నిద్రపోతే తీరేదనుకునేదాన్ని. తీరనిది కూడా ఒకటుంటుందని ఈ వయసులో ఆ కుర్చీ పక్కన నిలబడి తెలుసుకున్నాను. దాన్నేమంటారో మాత్రం నాకు తెలియదు.

"ఒకటి అడుగుతాను, సాయం చేస్తారా?" అంది. "ఈ వరస చదవండి. పైకి."

చదివాను. నీళ్ళ ట్యాంకు అని, దాని బరువు.

"ఉంది కదా. నాకూ కనిపిస్తోంది. చదువుతాను, కింది వరసకి వెళ్ళేసరికి పైదేంటో పోతుంది. మళ్ళీ చదువుతాను. ట్యాంకు బరువు రాశాను. ఆ బరువు మధ్య బీమ్ దాకా తీసుకెళ్ళానా లేదా? బీమ్‌లో ఇనుము పెంచానా?"

"నువ్వు ఇచ్చింది నేను గీశాను. పెంచావో లేదో నాకేం తెలుసు? ముందుదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలియదూ?"

"పెట్టాను. మూడు బీమ్‌లు మారాయి. మధ్యది మారలేదు. మార్చక్కర్లేదని తేల్చుకుని వదిలేశానా, అసలు అక్కడిదాకా రానే లేదా? మార్చక్కర్లేదని తేల్చినట్టు నాకు బాగా గుర్తుంది." నా వైపు తిరిగింది. "మీ చీటీ గుర్తున్నంత బాగా గుర్తుంది."

ఆమె సంతకం మీద నమ్మకంతో నేను గీసిన గీతలన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. పోనీ ఇంకెవరైనా చూస్తారా అంటే, ఆ లెక్క చూడగల మనిషి ఆఫీసులో ఇంకొక్కడే ఉన్నాడు. మా యజమాని. ఆయన అప్పటికే గుమ్మంలో కేకు పళ్ళెంతో నిలబడి ఉన్నాడు.

"భాగస్వామి గారు పార్టీ వదిలేసి ఇక్కడేం చేస్తున్నారు?"

"సోమవారం స్లాబు ఆపేద్దాం దోన్ ఒక్తావియో."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం పోయింది. "ఎందుకు? తప్పుందా?"

"తెలియదు."

"తెలియకపోవడమేంటి? ఎక్కడ తప్పుందో చెప్పు, ఇప్పుడే ఆపిస్తాను."

"తప్పుందని చెప్పలేను. లేదని కూడా చెప్పలేను. మధ్య బీమ్ మీరు చూడండి. లేకపోతే బయటివాళ్ళెవరికైనా ఇవ్వండి. అప్పటిదాకా పోయొద్దు."

"అమ్మాయ్, బడి తెరిచే తేదీ ఊరంతా చెప్పేశారు. మా ఇంజనీరుకి తీపి ఎవరికి పెట్టాలో గుర్తులేదు, అందుకని స్లాబు ఆపాం అని చెప్పమంటావా? వాళ్ళు నవ్వుతారు. ఇంకో పని ఇవ్వరు." పళ్ళెం బల్ల మీద పెట్టి గొంతు మెత్తబరిచాడు. "నీ వయసులో నేనూ ఇలాగే ఉన్నాను. పెద్ద కుర్చీ ఎక్కేముందు అందరికీ కాళ్ళు వణుకుతాయి. రెండు రోజులు పడుకో, పోతుంది. ఇప్పుడు ఆపితే ఆ పలక గుమ్మం మీదికి ఎలా ఎక్కించను? నువ్వే చెప్పు."

దమారిస్ కుర్చీలోంచి లేచింది. రెండేళ్ళుగా ఆ పలక కోసమే పొద్దూ మాపూ ఒకటి చేసింది. అది నాకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. ఇప్పుడేం చేస్తుందో నాకు నిజంగా తెలియలేదు. ఆయన చెప్పింది కూడా సబబుగానే వినిపించింది, అదే నా బాధ.

"ఎక్కించకండి" అంది. ఫోన్ తీసింది. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

బడి సైట్‌లో మేస్త్రి అర్సెనియో ఎత్తాడు. వెనకాల యంత్రాల మోత.

"మేస్త్రీ, నేను దమారిస్‌ని. సోమవారం స్లాబు పోయొద్దు. నేను మళ్ళీ చెప్పేదాకా ఆపండి."

"ఏంటి ఇంజనీరు గారూ? వినబడట్లేదు, మిక్సర్ తిరుగుతోంది."

"ఏ మిక్సర్?"

"స్లాబుదే కదా. కాంక్రీటు పోస్తున్నాం. ఒక కొస నుంచి మొదలుపెట్టాం, మధ్య బీమ్ దగ్గరికి వచ్చేశాం."

దోన్ ఒక్తావియో ఒక అడుగు ముందుకేశాడు. "ఇవాళ పొయ్యమని ఎవడు చెప్పాడు నీకు?"

"దోన్ ఒక్తావియో గారా? ఇంజనీరు గారే చెప్పారు సార్. పొద్దున ఫోన్ చేశారు. సోమవారం పెద్ద వానట, ఇవాళే పోసెయ్యండి అన్నారు. ట్యాంకు సంగతి చూసుకున్నారు కదా అని నేను రెట్టించి అడిగాను కూడా. అంతా చూశాను, ఏం భయం లేదు అన్నారు."

మెట్ల మలుపు దగ్గర గోడకి ఆనుకుని, నాకు చెయ్యి ఊపిన దమారిస్ గుర్తొచ్చింది నాకు. వాన గురించి మాట్లాడిన దమారిస్. ఆమెకి గుర్తొచ్చిందా అని ముఖంలోకి చూశాను. ఆ ముఖంలో ఏమీ లేదు. నేను చెప్పేదాకా ఎదురుచూస్తున్నట్టు నన్నే చూస్తోంది.

"ఫోన్ చేశానా?" అంది నాతో, చిన్నగా.

"చేశావు తల్లీ. నేను చూశాను."

ఫోన్లో మేస్త్రి అరుస్తున్నాడు. "ఏం చెయ్యమంటారు సార్? ఇంకో లారీ వచ్చి నిలబడింది. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, అక్కడ కప్పు బలం పోతుంది, మళ్ళీ అది కూడా నామీదే పెడతారు. పొయ్యమంటారా, ఆపమంటారా? ఎవరో ఒకరు చెప్పండి."

దోన్ ఒక్తావియో తెర మీది లెక్క వైపు చూశాడు గానీ దగ్గరికి వెళ్ళలేదు. గోడ గడియారం వైపు, గుమ్మం వైపు చూశాడు.

దమారిస్ బల్ల మీది ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టింది. ఆమె వేళ్ళకి కేకు క్రీము అంటుకుని ఉంది.

"మీరు చెప్పండి దోన్య గ్రాసియెలా" అంది. "నేను చెప్తే నమ్మొద్దు."